ఖాళీ ప్యాకెట్ల సంచులు

ఆ పని సంగతి నాకు మొదట చెప్పింది మా గల్లీ మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన. తార్నాకలో మా వైపు గదుల్లో ఉండే పిల్లల బట్టలు, యూనివర్సిటీ క్యాంపస్ హాస్టళ్ల బట్టలు ఆయన దగ్గరికే వస్తాయి. బట్టల వెంట కబుర్లు కూడా వస్తాయి. ఫాల్స్ కుట్టిన చీరలు నాలుగు ఇస్త్రీకి ఇద్దామని వెళితే, ఆయన చేతిలోని పెట్టె పక్కకు పెట్టి అడిగాడు.

“అక్కా, నువ్వు తెలుగు మంచిగ రాస్తవు గద?”

“రాస్త. ఏంది, ఉత్తరం రాయాల్నా?”

“ఉత్తరం గాదు. క్యాంపస్‌ల ఒక పిల్ల పీహెచ్‌డీ చేస్తున్నది. ఇండ్లకు పోయి ఆడోళ్లను అడిగి రాసుకొచ్చేటోళ్లు కావాల్నట. కాలేజీ పిల్లలను పంపితే ఒక్కలు తలుపు తీస్తలేరట. నీ అసుంటి పెద్దమనిషి పోతే కుర్చేసి చాయ్ గూడ ఇస్తరు.”

“నేను బడి మొకమే చూడలే తమ్మీ. నువ్వేమో పీహెచ్‌డీ అంటున్నవు.”

“పీహెచ్‌డీ చేసేది ఆ పిల్ల. నువ్వు తిరిగేదే గద. నంబర్ రాసిస్త, పో.”

ఆ నంబరు కాగితం ఇచ్చినందుకు ఆయన్ని ఈ రోజుకూ తలుచుకుంటాను.

నేను బడికి వెళ్లకపోవడానికి కారణం ఉబ్బసం. సీతాఫల్‌మండిలో రైలు పట్టాలకు దగ్గర్లో ఉండేవాళ్లం. దుమ్ము లేచిందంటే నాకు ఊపిరి ఆడేది కాదు. అమ్మకు అక్క, మా పెద్దమ్మ, మాతోనే ఉండేది. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది, లెక్కలు చెప్పింది. ఆమెకో పద్ధతి ఉండేది. సాయంత్రం ప్రార్థనకు ముందు పలక మీద ఉన్న తప్పులన్నీ తడిగుడ్డతో తుడిచేయాలి. సరిగ్గా మళ్లీ రాయాలి. ఆ తర్వాతే మోకరించాలి. బడికి పోయే పిల్లల నోటు పుస్తకాల్లో తప్పు మీద ఎర్ర సిరా గీత పడుతుందని, ఆ తప్పు ఏడాదంతా అట్లాగే ఉంటుందని నాకు చాలా ఏళ్ల వరకు తెలియదు. నా చదువులో తప్పు అనేది పొద్దుగూకే లోపల మాయమయ్యేది.

నా భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. మాకు పిల్లలు లేరు. మేడ మీద ఒక గది, ఒక కుట్టు మిషను, ఆదివారం చర్చి. దేవుడు నాకు ఏ లోటూ చేయలేదు. పడుకునే ముందు, ఆ రోజు నాతో మాట్లాడిన ప్రతి ఒక్కరినీ తలుచుకుని ఆయనకు వందనాలు చెప్పడం నా అలవాటు. కొన్ని రోజులు ఆ ప్రార్థన మరీ తొందరగా అయిపోయేది.

మర్నాడు పొద్దున ఆ నంబరుకు ఫోను చేసి క్యాంపస్‌కు వెళ్లాను. ఆ పిల్ల లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంది. ముప్పైకి దగ్గర పడుతున్న మనిషి, కానీ చూస్తే ఇంటర్ చదివే పిల్లలా ఉంటుంది. పక్కన పెద్ద సంచి, దాన్నిండా బట్ట సంచులే. మొదట నన్ను ఆంటీ అంది. రెండో వారం నుంచి అమ్మా అనడం మొదలుపెట్టింది.

“ఏం లేదు ఆంటీ. మనుషులు కొంటమని చెప్పేది ఒకటి ఉంటది, కొనేది ఒకటి ఉంటది. నడుమ ఎంత తేడా ఉన్నదో చూడాలె. గదే నా సబ్జెక్ట్.”

“దానికి ఇంత చదువు ఎందుకు బిడ్డా? మా గల్లీల ఎవ్వర్ని అడిగినా చెప్తరు.”

నవ్వింది. వాళ్ల నాన్న సంగతి చెప్పింది. వాళ్లది పాలమూరు దిక్కు ఊరు. నాలుగేళ్ల కింద ఎవరో సిటీలో జనాన్ని పోగుచేసి, కొర్రలు దొరికితే కొంటారా అని అడిగారట. అందరూ చేతులెత్తారట. ఆ మాట ఊరిదాకా వచ్చింది. వాళ్ల నాన్న పత్తి మానేసి చేనంతా కొర్రలు వేశాడు.

“పంట మంచిగ రాలేదా?” అన్నాను.

“మస్తు వచ్చింది. కొనేటోళ్లే రాలే. బస్తాలన్ని ఇంట్లనే ఉన్నయి, ఎలుకలు తిన్నయి.” ఆమె తన చేతుల వంక చూసుకుంది. “చేతులెత్తినోళ్లు అబద్ధం చెప్పలే ఆంటీ. ఆ నిమిషంల నిజంగనే కొందామనుకున్నరు. నాయిన నన్నడిగిండు, ‘నువ్వు చదువుకున్నవు గద బిడ్డా, మరి ఎందుకు కొనలేదో చెప్పు’ అని. నాకు తెల్వలే.”

ఆమెకు వచ్చే స్కాలర్‌షిప్ ఆ ఎండాకాలంతో ఆఖరు. అంతలోపల ఇళ్లన్నీ అడిగి, రాసి, గైడ్ సార్‌కు చూపించి, కమిటీ ముందు పెట్టాలి. లేకపోతే హాస్టల్ గది కూడా పోతుంది.

పని ఇట్లా ఉండేది. ప్రతి ఇంటికీ ఒక ఫారం. మొదటిసారి వెళ్లినప్పుడు, వచ్చే నెలలో ఏం కొంటారు, ఎక్కడ కొంటారు, ఏది ఇష్టం అని అడిగి ఎడమ వైపు గడిలో రాయాలి. ఒక బట్ట సంచి ఇచ్చి, నెల రోజులు వంటింట్లో ఖాళీ అయిన ప్రతి ప్యాకెట్టూ, అట్టపెట్టే, కవరూ అందులో వేయమని చెప్పాలి. నెల తర్వాత సంచి తెచ్చుకుని, అందులో ఏమేం ఉన్నాయో కుడి వైపు గడిలో రాయాలి.

“పెన్నుతోని రాయకుండ్రి ఆంటీ. పెన్సిల్‌తోని రాయుండ్రి. ఏమన్న తప్పు పోతే తుడిచి రాయొచ్చు,” అని ఒక పెన్సిలు, ఒక రబ్బరు నా చేతిలో పెట్టింది.

నాకు పని అలవాటు కావాలని మొదటి ఫారం నాదే నింపింది. ఆమె అడిగింది, నేను చెప్పాను.

“సామాను నెలకొక్కసారి తెస్తరా, ఎప్పటికప్పుడు తెస్తరా?”

“ఒక్కసారే తెచ్చి పెట్టుకుంట. పెద్ద ప్యాకెట్లు. చిన్నవి కొంటె దండుగ గద.”

ఆ మాట అన్నప్పుడు అది నిజమేనని నేను నమ్మాను. నాకూ ఒక సంచి ఇచ్చింది.

అట్లా నలభై ఇళ్లు తిరిగాను. తార్నాక, సీతాఫల్‌మండి, బౌద్ధనగర్. ఉబ్బసం వల్ల మెట్లు ఎక్కడం నాకు నెమ్మది. ఆ ఆయాసం చూసే చాలామంది లోపలికి రమ్మన్నారేమో. కుర్చీ వేశారు. మంచినీళ్లు ఇచ్చారు. ఒక్క నెలలో అంతమంది నాతో మాట్లాడటం నా భర్త పోయిన తర్వాత అదే మొదలు. రాత్రి ప్రార్థన పొడుగైంది. ఒక్కోసారి వందనాలు చెబుతూ చెబుతూనే నిద్రపోయేదాన్ని.

బౌద్ధనగర్‌లో ఒక ఇల్లు మరిచిపోలేను. అత్తగారు మంచం మీద కూర్చుని జవాబులు చెబుతోంది. కోడలు వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది.

“బిస్కెట్లు కొంటరా అమ్మా?” అని అడిగాను.

“మా ఇంట్లకు బిస్కెట్టు రానే రాదు. అంత మైదా. పిల్లలకు నేనే నువ్వుల లడ్డూలు చేసి పెడ్త.”

“రాయక్కా, లడ్డూలని రాయి,” అంది కోడలు తల ఎత్తకుండా. “ఎప్పుడు చేసిందో అది గూడ అడుగు.”

“పోయినేడు చెయ్యలేదానే?”

“ఎందుకు చెయ్యలే, దసరాకు చేసినవ్. ఒక్క డబ్బ. అది గూడ నీ బిడ్డ ఎత్తుకపోయింది.”

“చూసినవా, గీ నోరు. పక్కింటోళ్లు విన్నా నేనే గయ్యాళి అంటరు.”

ముగ్గురం నవ్వాం. నేను ఎడమ గడిలో నువ్వుల లడ్డూలు అని రాశాను.

తార్నాక మెయిన్ రోడ్డు వెనక అపార్ట్‌మెంట్లో ఒక అమ్మాయి, కూరగాయలు రైతుబజారులో తప్ప కొనమని, నూనె గానుగదే వాడతామని చెప్పింది. చెబుతుంటే, తన మాటలు తనకే నచ్చినట్టు ముఖం వెలిగింది. సీతాఫల్‌మండిలో రిటైరైన ఒకాయన భార్య, కొర్రలు, సామలు తినబట్టి తన షుగర్ అదుపులో ఉందని చెప్పింది. నేను అడిగానని కాదు, ఎవరో ఒకరు అడగాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూసినట్టు చెప్పారు అందరూ.

నెల తిరిగేసరికి సంచులు నా గదికి చేరడం మొదలయ్యాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మధ్యాహ్నం నేల మీద పాత పేపర్లు పరిచి ఒక్కో సంచీ కుమ్మరించేదాన్ని. ఒక సంచిలోంచి ధనియాల పొడి వాసన, ఒక దానిలోంచి సబ్బు పొడి వాసన. ఏ ఇంట్లో వాళ్లు ప్యాకెట్లు మడిచి వేశారో, ఏ ఇంట్లో ఉండచుట్టి పడేశారో తెలిసేది. నలభై వంటిళ్లు నా గదికి చుట్టపు చూపుగా వచ్చినట్టుండేది. “ఏందమ్మా, ఇన్ని నూడుల్స్ ఎవరు తిన్నరు?” అని నవ్వుతూ పైకే అనేదాన్ని. జవాబు వచ్చేది కాదు.

మొదట నా సంచే విప్పాను. లోపల అన్నీ చిన్న కాఫీ ప్యాకెట్లే. దుకాణాల్లో దండలుగా వేలాడదీస్తారే, ఒక్క కప్పుకు సరిపోయేవి, అవి. రోజుకు ఒకటి, కొన్ని రోజులు రెండు. చిన్న షాంపూ ప్యాకెట్లు. పావుకిలో పంచదార కవర్లు. పెద్ద ప్యాకెట్టు ఒక్కటి లేదు.

వాటిని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పెద్దది కొనలేక కాదు. మా ఇంటి కింద దుకాణంలో కూర్చునే ఆమె నన్ను చూడగానే, “ఏం పెద్దమ్మా, కాఫీయేనా? రాత్రి నిద్ర పట్టిందా?” అంటుంది. “వాన పడేటట్టున్నది, ఆరేసిన చీరలు తీసినవా?” అంటుంది. పెద్ద ప్యాకెట్టు తెచ్చుకుంటే నెల రోజులు నాకు మెట్లు దిగే పని ఉండదు. ఆ సంగతి ఆ సంచి చెప్పేదాకా నాకు తెలియదు.

సిగ్గేసింది. చదువుకునే పిల్ల ముందు అబద్ధం చెప్పానే అనిపించింది. రబ్బరు తీసుకున్నాను. ఎడమ గడిలో ‘నెలకొక్కసారి, పెద్ద ప్యాకెట్లు’ అన్నది శుభ్రంగా తుడిచి, ‘ఎప్పటికప్పుడు, చిన్నవి’ అని రాశాను. రెండు గడులూ కలిశాయి. మనసు తేలికపడింది. ఆ సాయంత్రం మోకరించి, నా తప్పు నాకు చూపించినందుకు దేవుడికి వందనాలు చెప్పాను.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

తర్వాత విప్పింది బౌద్ధనగర్ సంచి. అందులో పది పన్నెండు రకాల బిస్కెట్ ప్యాకెట్లు. ఒక్క నువ్వు గింజ కూడా లేదు. పెద్దావిడ ముఖం కళ్ల ముందుకు వచ్చింది. నాకు కుర్చీ వేయించిన మనిషి. వెళ్లేటప్పుడు మెట్లు జాగ్రత్త అని చెప్పిన మనిషి. ఆమె ఇంటి ఫారంలో ఒక పక్క ఆమె మాట, ఇంకో పక్క అది అబద్ధమని సాక్ష్యం, రెండూ నా చేతిరాతలోనే. అది యూనివర్సిటీ వాళ్లు చదువుతారు. నాకు నేను దిద్దుకున్నాను, ఆమెకు మాత్రం ఎందుకు దిద్దకూడదు అనుకున్నాను. దిద్దాను. అపార్ట్‌మెంటు అమ్మాయి సంచిలో పామాయిల్ ప్యాకెట్లు, ఫోన్‌లో ఆర్డరిస్తే కూరగాయలు తెచ్చే వాళ్ల కాగితపు కవర్లు చక్కగా మడతపెట్టి ఉన్నాయి. అదీ దిద్దాను. కొర్రలావిడ సంచిలో సన్నబియ్యం కవర్లు తప్ప ఏమీ లేవు. అదీ దిద్దాను. నాకు నీళ్లిచ్చిన వాళ్లెవరినీ అబద్ధాలకోర్లుగా ఉంచలేదు. ఇరవై ఇళ్లకు దగ్గరగా ఉంటాయి. నా చదువు నాకు నేర్పింది అంతే మరి. పొద్దుగూకే లోపల తప్పు తుడిచేయాలి.

ఫారాలన్నీ కట్టగట్టి ఆ పిల్లకు ఇచ్చాను. రాత ముత్యాల్లా ఉందని సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నా గదికి ఎవరూ రారు. తలుపు తీస్తే ఆ పిల్ల. ముఖం పీక్కుపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అమ్మా, సగం ఇండ్లల్ల ఒక్క తేడా లేదు. అంత కలిసింది. గైడ్ సార్ చూసి, ‘ఇండ్లకు పోయినవా, హాస్టల్ల కూసోని రాసినవా’ అని అడిగిండు.”

ఆమె ఫారాల కట్టలోంచి ఒకటి తీసింది.

“బౌద్ధనగర్ల పెద్దామె, బిస్కెట్లు రోజు కొంటమని ఆమెనే చెప్పిందా?”

“లేదు బిడ్డా. లడ్డూలు చేస్తనన్నది.”

“మరి?”

“సంచి చూసినంక నేనే దిద్దిన.”

“దిద్దిండ్రా?” కట్ట నా ముందుకు చాపింది. “ఎన్ని?”

నేను దిద్దినవి ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాను. నాదే అన్నిటికన్నా పైన ఉంది. ఆమె అప్పుడు కూర్చుంది. గట్టిగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

“వాళ్ల మీద అబద్ధం ఎందుకుండాలె అనుకున్న,” అన్నాను.

“గా తేడానే నా చదువమ్మా. అది తుడిచేస్తే నా దగ్గర ఏమున్నది?”

“నాకు అన్ని యాదికున్నయి. ఒక్కొక్క ఇల్లు చెప్త, ఎవరేమన్నరో. ఇప్పుడే రాసుకో.”

తల అడ్డంగా ఊపింది. “ఇప్పుడు చెప్తే అది మీ యాది అయితది. వాళ్ల మాట గాదు.”

ఆమె వెళ్లిపోయాక ఆ రోజు మిషను ముట్టుకోలేదు. వాళ్ల నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆమె ఏళ్లు పెట్టింది. నేను ఒక్క రబ్బరు ముక్కతో దాన్ని తుడిచేశాను. పైగా ఆ పిల్లను దొంగ రాతలు రాసిందని అనుమానిస్తున్నారు.

తెల్లారి స్నానం చేసి, చర్చికి కట్టే చీర కట్టుకుని, క్యాంపస్‌కు నడిచాను. గైడ్ సార్ గది ఎక్కడో అడుగుతూ పోయాను. రాతి మెట్లు, ఎత్తు కప్పు, పొడుగాటి వరండా. ఆ గది బయట ఆ పిల్ల నిలబడి ఉంది. నన్ను చూసి కంగారుపడింది.

“మీరెందుకొచ్చిండ్రమ్మా?”

“సార్‌తోని మాట్లాడాలె.”

లోపలికి వెళ్లాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఒక మాస్టారి బల్ల ముందు నిలబడటం నాకు అదే మొదటిసారి. ఆయన కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

“సార్, ఆ రాత నాది. మార్చింది నేను. పిల్లకు తెల్వదు. ఆమె నిజంగనే ఇండ్లకు పంపింది, నేను నిజంగనే పోయిన. కావాలంటె ఏ ఇంటికైనా తీస్కపోత, అడగుండ్రి.”

“ఎందుకు మార్చారమ్మా?”

ఎందుకో చెప్పాను. కాఫీ ప్యాకెట్ల సంగతి కూడా. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

“ఆ అమ్మాయి మీద నాకు ఇప్పుడు అనుమానం లేదు,” అన్నాడు. “కానీ దిద్దిన ఫారాలు పనికిరావు. వాటిని తీసేయాలి. వేరే ఇళ్లు అడగాలి. మళ్లీ నెల రోజులు. గడువు పెంచమని నేను రాస్తాను. స్కాలర్‌షిప్ మాత్రం నా చేతిలో లేదు.” తర్వాత మెత్తగా అన్నాడు, “ఈసారి మీరు కాకుండా ఇంకెవరైనా వెళ్తే మంచిదమ్మా.”

అది న్యాయమే. అయినా ఆ మాటతో నలభై కుర్చీలూ ఒక్కసారి నా కిందనుంచి లాగేసినట్టనిపించింది.

బయటికి వచ్చాక ఇద్దరం గేటు దాకా నడిచాం. దారి పొడుగునా చెట్ల నుంచి పసుపు పూలు రాలి ఉన్నాయి.

“మీరు రాకుంటే నన్ను దొంగను జేసేటోళ్లు,” అంది.

“నేనే గద చేసింది.”

ఆమె కాదనలేదు. ఆ నిజాయితీకి కూడా ఆమెకు నేను కృతజ్ఞురాలిని.

“హాస్టల్ ఖాళీ చెయ్యాల్నా?” అని అడిగాను.

“చెయ్యాలె. ఈ నెలాఖరుకు.”

“నా దగ్గరికి రా బిడ్డా. ఒక్కటే గది గాని ఇద్దరికి సరిపోతది. కిటికీ పక్కకు బల్ల వేస్త, రాసుకోవచ్చు.”

ఆమె నా చేయి పట్టుకుంది. “వస్తానమ్మా. నాకు గూడ మీ కాడ ఉండాలని ఉన్నది. ఒకటో తారీఖు పొద్దుగాల వస్తా.”

మిషను గోడకు జరిపాను. ఇంటి ఓనరును అడిగి పాత బల్ల ఒకటి పైకి ఎక్కించుకున్నాను. రెండో దుప్పటి ఉతికి ఆరేశాను. కింద దుకాణానికి వెళ్లి పెద్ద కాఫీ ప్యాకెట్టు అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది.

“ఏంది పెద్దమ్మా, చుట్టాలొస్తున్నరా?”

“మా బిడ్డ వస్తున్నది,” అన్నాను. ఆ మాట నోటి నుంచి ఎట్లా వచ్చిందో తెలియదు.

ఒకటో తారీఖు పోయింది. రెండో తారీఖు పోయింది. మూడో రోజు ఫోను చేసింది. సీతాఫల్‌మండి వైపు నలుగురు స్నేహితురాళ్లు గది తీసుకున్నారట, అక్కడి నుంచి లైబ్రరీ దగ్గరట, అందరూ రాసుకునే వాళ్లేనట.

“ఏమనుకోకుండ్రి అమ్మా.”

“ఏమనుకుంట బిడ్డా. మంచిగ తిను.”

ఫోను పెట్టేశాక బల్ల మీద దుమ్ము తుడిచాను. ఆమె అబద్ధం చెప్పలేదు. గేటు దగ్గర నా చేయి పట్టుకున్నప్పుడు ఆమె నిజంగానే రావాలనుకుంది. నాకు అందులో అనుమానం లేదు. ఎవరికైనా చదువు తొందరలో, తన ఈడు వాళ్ల మధ్య ఉండటమే సుఖం. అది నేను అర్థం చేసుకోగలను. అర్థమైనంత మాత్రాన సాయంత్రం తొందరగా గడవదు.

పెద్ద ప్యాకెట్టు రెండు నెలలు వచ్చింది. ఆ రెండు నెలలు కాఫీ కోసం కిందికి దిగలేదు. ఒక రోజు ఉప్పు కోసం వెళితే దుకాణం ఆమె, “ఊరికి పోయినవా పెద్దమ్మా, కనబడుతలేవు?” అంది. “ఇంట్లనే ఉన్న,” అన్నాను. రాత్రి వందనాలు మళ్లీ పొట్టిగా అయిపోయాయి. కొన్ని రాత్రులు, ఇక ఎవరూ లేక, ఆ నలభై ఇళ్ల వాళ్లనే మళ్లీ వరసగా తలుచుకునేదాన్ని. బౌద్ధనగర్ పెద్దావిడ ఈపాటికి లడ్డూలు చేసిందో లేదో.

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మళ్లీ వచ్చింది. చిక్కింది. చేతిలో కాగితాల కట్ట. కొత్త ఇళ్లు అడగడానికి నల్లకుంట నుంచి ఒక టీచరమ్మ వెళ్లిందట. పని అయిపోయిందట. స్కాలర్‌షిప్ లేకపోయినా పొద్దున పిల్లలకు ట్యూషన్లు చెప్పి నెట్టుకొచ్చిందట. పొద్దున ఏమీ తినలేదని చూస్తేనే తెలుస్తోంది. అన్నం పెట్టాను. తింటూ అంది.

“అమ్మా, ఒకటి అడగాలె. మీ సంగతి నా థీసిస్‌ల రాసిన. రెండు పేజీలు. పేరు లేదు. ఫారాలు నింపిన ఒకామె, తన మాటను, వాళ్ల మాటలను ఎందుకు దిద్దిందో రాసిన. సార్ అది ఉంచమంటున్నడు. మీరు వద్దంటె తీసేస్త.”

“ఏమని రాసినవ్?”

ఎడమ చేత్తో కాగితాలు తీసి, ఇంగ్లీషులో ఉన్నది చూస్తూ తెలుగులో చెప్పింది. నన్ను ఎక్కడా తక్కువ చేయలేదు. చిన్న కాఫీ ప్యాకెట్ల గురించి రాసిన చోట కొంచెం ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చదివింది. ఆ సంగతి నేను ఎవరికీ వివరంగా చెప్పలేదు. సార్ గదిలో నాలుగు ముక్కల్లో చెప్పానంతే. ఆమె బయట నిలబడి వింది కాబోలు. మిగతాది తనే అర్థం చేసుకుంది.

“ఉండనియ్ బిడ్డా,” అన్నాను. “తప్పు జరిగింది జరిగినట్టే ఉండనియ్.”

కాసేపటికి, “మరి మీ నాయినకు జవాబు దొరికిందా?” అని అడిగాను.

“కొంచెం దొరికింది. అడిగితే జవాబు చెప్పేది పొద్దుగాల మనిషి అమ్మా. తానం చేసి, నిమ్మలంగ ఉన్న మనిషి. కొనేది పొద్దూకినంక పని మీదికెళ్లి అలిసి వస్తున్న మనిషి. ఇద్దరు ఒక్కరు గారు. నాయిన పొద్దుగాల మనిషి మాట విని చేను దున్నిండు.” చేయి కడుక్కుంటూ అంది. “ఇట్ల చెప్తే ఆయనకు సమజైతది. కమిటీకి సమజైతదో లేదో చూడాలె.”

కమిటీ ముందుకు ఆమె ఇంకా వెళ్లలేదు. పిలుపు ఏ రోజైనా రావచ్చు. వాళ్ల నాన్న విత్తనం పనిలో ఉన్నాడు, రాలేడు. నన్ను రమ్మంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆమె అడగలేదు. నేను కూడా వస్తానని అనలేదు. ఒకసారి సార్ గదిలోకి వెళ్లి చేయగలిగినంత చేశాను. ఆ రోజు ఆమె ఒక్కతే వెళుతుంది. దిద్దిన ఫారాల మాట వాళ్లు తప్పకుండా అడుగుతారు. నా తప్పుకు జవాబు ఆమె చెప్పాలి.

ఇదంతా రాసింది అందుకే. ఇది చదివిన వాళ్లు ఏ దేవుడికి మొక్కినా, అసలు మొక్కకపోయినా సరే, ఆ పిల్లను తలుచుకోండి. పేరు చెప్పను, ఆమె చెప్పొద్దంది. పాలమూరు దిక్కు కొర్రలు పండించిన రైతు బిడ్డ అంటే చాలు. తలుచుకుంటామని అందరం అంటాం. చర్చిలో నేనూ ఎందరితోనో అన్నాను, ఇంటికి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టే సరికి మరిచిపోయాను. అందుకని తర్వాత అనుకోకండి. ఈ కాగితం పక్కన పెట్టే లోపలే, ఒక్కసారి.